పద్యాన్ని విప్పే ప్రశ్నలు

రఘువంశం తొలి శ్లోకం పాఠం చెప్పేటప్పుడు పాతకాలపు పండితుడు తాత్పర్యంతో మొదలుపెట్టేవాడు కాదు. మూడో పాదం చివర ఉన్న క్రియను ముందు పట్టుకునేవాడు. కవి నమస్కరిస్తున్నాడు సరే, ఎవరికి? వారెటువంటివారు? ఒకరితో ఒకరు ఎలా కలిసి ఉన్నారు? ఈ నమస్కారం దేన్ని కోరి? ప్రశ్న గురువుది, జవాబు శిష్యుడిది. ఆ జవాబు కూడా శ్లోకంలోని పదమే కావాలి. నాలుగైదు ప్రశ్నలు పూర్తయ్యేసరికి శిష్యుడికి తనంత తానే ఒక సంగతి తట్టేది: కాళిదాసు ఆదిదంపతులను శబ్దార్థాలతో పోల్చి, వాళ్లను వరంగా అడుగుతున్నదీ ఆ శబ్దార్థాలనే. ఇలా ప్రశ్నలతో పదాలను కలుపుకుంటూ పోయే పద్ధతిని ఖండాన్వయం అంటారు. పదాలన్నిటినీ వచనంలోలాగా వరసన పేర్చి చెప్పేది దండాన్వయం.

కవిత్వాన్ని మాటమాటకూ ఆగి చదివించే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో పడమటి విశ్వవిద్యాలయాల్లో పుట్టిందని సాహిత్య విమర్శ పుస్తకాలు చాలావరకు చెబుతాయి. ఆ కథలో నిజముంది. కానీ తెలుగునేల మీద దాని మూలాలు అంతకంటే చాలా వెనక్కి పోతాయి.

మెదక్ ప్రాంతపు కొల్చారంతో ముడిపడిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు, భారవి, మాఘుడు, శ్రీహర్షుల కావ్యాలకు వ్యాఖ్యానాలు రాశాడు. ఆయన కాలం పద్నాలుగు, పదిహేను శతాబ్దాలని పండితుల అంచనా. ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం గొప్పది. అన్వయ క్రమంలోనే అంతా చెబుతాననీ, ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది పలకననీ ముందే మాట ఇచ్చాడు. పదానికి అర్థం చెబితే నిఘంటువును చూపుతాడు, రూపం చెబితే పాణిని సూత్రాన్ని చూపుతాడు, తర్వాత అలంకారం పేరు చెబుతాడు. పాఠకుడి ఇష్టాయిష్టాలకు అందులో చోటు లేదు. ఆరువందల ఏళ్ల కిందటి ఈ క్రమశిక్షణ ఇవాళ్టి ఏ సాహిత్య తరగతికీ తీసిపోదు. అయితే ఈ సంప్రదాయం శ్లోకం దగ్గర ఆగినంత శ్రద్ధగా మొత్తం కావ్యం దగ్గర ఆగలేదు.

తెలుగు కావ్యాలకు ఇలాంటి టీకలు విరివిగా అచ్చులోకి రావడం పందొమ్మిదో శతాబ్దపు సంగతి. కడపలో పండితులను జీతాలిచ్చి పోషించిన సి.పి.బ్రౌన్, జూలూరి అప్పయ్య చేత వసుచరిత్రకూ మనుచరిత్రకూ వ్యాఖ్యలు రాయించాడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పనిచేసిన వేదం వేంకటరాయశాస్త్రి శృంగారనైషధానికీ ఆముక్తమాల్యదకూ రాసిన వ్యాఖ్యలు పండితలోకంలో ఇప్పటికీ ప్రమాణాలే. గురువు ఇల్లు దొరకని విద్యార్థికి ఈ పుస్తకాలు నిజంగా గురువులయ్యాయి.

నష్టమూ అక్కడే మొదలైంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది, చదువు పరీక్ష చుట్టూ తిరగసాగింది. ప్రశ్న అడిగి రాబట్టవలసిన అన్వయం పుస్తకంలో ముందే అచ్చయి ఉంది. ప్రతిపదార్థం, తాత్పర్యం బట్టీపట్టదగిన వస్తువులైపోయాయి. టీకాకారుల శ్రమ మిగిలింది కానీ, ఆ శ్రమకు ప్రాణమైన ప్రశ్నోత్తరం తరగతి గదిలోంచి జారిపోయింది.

కొత్త ప్రశ్న వేసినవాడు కట్టమంచి రామలింగారెడ్డి. కేంబ్రిడ్జిలో చరిత్ర చదువుకుని వచ్చిన ఆయన 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువరించాడు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని తీసుకుని, కథ అల్లికలో ఏ భాగం దేనికోసం ఉంది, వర్ణన కథను నడిపిస్తోందా ఆపేస్తోందా, పాత్ర తన స్వభావం ప్రకారమే నడుస్తోందా అని నిలదీశాడు. ప్రబంధాల మీద ఆయన తీర్పులు కొన్ని మరీ కఠినమే. అయినా పద్యానికి అర్థం చెప్పి ఊరుకునే అలవాటును కదిలించింది ఆ పుస్తకమే. విశేషమేమిటంటే, కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యానికి ట్రైపాస్ అనే ప్రత్యేక డిగ్రీ చదువు ఏర్పడింది ఆ తర్వాత, 1917లో.

ఆ కొత్త శాఖలోనే ఐ.ఎ.రిచర్డ్స్ తన ప్రసిద్ధ ప్రయోగం చేశాడు. కవి పేరూ కాలమూ తీసేసిన పద్యాలను విద్యార్థుల చేతికిచ్చి, వారం రోజులు తీరిగ్గా చదివి అనిపించింది రాయమన్నాడు. అలా పదమూడు కవితలకు వచ్చిన జవాబులతో 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ వచ్చింది. మంచి చదువులు చదివిన ఆ యువకుల్లో చాలామంది డి.హెచ్.లారెన్స్ కవితను తోసిపుచ్చారు. రిచర్డ్స్ వాళ్లను వెక్కిరించలేదు. ఎక్కడ తడబడ్డారో ఓపికగా పది రకాలుగా వర్గీకరించాడు. ఆ పట్టికలో మొట్టమొదటిది వాక్యానికి ఉన్న సాదా అర్థాన్ని పట్టుకోలేకపోవడం. అన్వయంతో పాఠం మొదలుపెట్టిన మన పండితులు కాపలా కాసింది సరిగ్గా ఈ గుమ్మం దగ్గరే. మూస స్పందనలు, అతిభావుకత, ముందే స్థిరపడ్డ నమ్మకాలు ఆ తర్వాత వచ్చే అడ్డంకులు. వాటికి మన టీకల్లో మందు లేదు. రిచర్డ్స్ నుంచి మనం నేర్చుకోవలసింది అదే.

ఆయన శిష్యుడు విలియం ఎంప్సన్ మరుసటి ఏడే ‘సెవెన్ టైప్స్ ఆఫ్ ఆంబిగ్యుటీ’ రాసి, ఒక మాటకు ఏకకాలంలో ఎన్ని అర్థాలు పలుకుతాయో చూపాడు. శ్లేషకావ్యాల మధ్య పెరిగిన తెలుగువాడికి ఆ ఆలోచన కొత్తగా అనిపించదు. అమెరికాలో లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన క్లీన్త్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ 1938లో ‘అండర్‌స్టాండింగ్ పొయెట్రీ’ తెచ్చారు. కవి జీవితచరిత్రనో, కవిత సారాంశాన్నో కవితకు బదులుగా బోధించవద్దని వాళ్లు ఉపాధ్యాయులకు గట్టిగా చెప్పారు. ప్రతి కవిత కిందా ప్రశ్నలిచ్చారు. 1976 దాకా నాలుగు కూర్పులు పొందిన ఆ పుస్తకం అక్కడి తరగతిగదిని మార్చేసింది. కాలం గడిచేకొద్దీ దానికీ టీకలకు పట్టిన గతే పట్టింది. వైరుధ్యాన్ని వెతకడం, వ్యంగ్యాన్ని గుర్తించడం చాలాచోట్ల ఒక తంతుగా మారాయి.

తెలుగులో సూక్ష్మపఠనం ఎక్కువగా తరగతి బయటే బతికింది. నన్నయ ప్రసన్నకథాకలితార్థయుక్తి మీద విశ్వనాథ సత్యనారాయణ రాసిన పుస్తకంలో ఒక్కో పద్యం, ఒక్కో మాట దగ్గర కవి ఎందుకలా అన్నాడన్న ఆరా కనిపిస్తుంది. భాషాశాస్త్రవేత్త చేకూరి రామారావు ‘చేరాతలు’ శీర్షికలో ఆ పనిని సమకాలీన కవితకు చేశారు. కొత్త కవుల, కవయిత్రుల వాక్యనిర్మాణాన్ని విప్పి, మామూలు పత్రికా పాఠకుడికి కవిత చదవడం నేర్పారు. తెలుగు కవిత్వ బోధన చరిత్ర రాసేవాళ్లు కళాశాలల పక్కన ఆ శీర్షికకు కూడా పేజీలు కేటాయించాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు బోధించిన వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌తో కలిసి 2002లో ప్రాచీన తెలుగు కవిత్వ సంకలనాన్ని ఇంగ్లీషులో తెచ్చి, తెలుగు రాని విద్యార్థులకూ ఆ పద్యాలను అందించారు.

గత దశాబ్దంన్నరలో పాఠశాల పుస్తకాలూ మారాయి. ‘అవగాహన–ప్రతిస్పందన’ వంటి విభాగాలు వచ్చాయి. పిల్లలు ముందెన్నడూ చూడని అపరిచిత పద్యం పరీక్షలో చేరింది. రిచర్డ్స్ ప్రయోగానికి ఇది దూరపు చుట్టమే. ఇచ్చిన భాగం చదివి ప్రశ్నలు తయారుచేయమనడం ఇంకా మంచి మార్పు. కానీ గురులఘువులు గుర్తించి గణవిభజన చేసేది ఒక విభాగంలో, అలంకారం పేరు రాసేది మరో చోట, భావం చెప్పేది ఇంకో చోట. ఒకే పద్యం మీద ఈ మూడింటినీ కలిపే ప్రశ్న అరుదు. ఇక్కడ సీసమే ఎందుకు, యతిస్థానంలో ఈ మాటే ఎందుకు పడింది, దాన్ని మారిస్తే భావంలో ఏం పోతుంది అని పదో తరగతి పిల్లవాణ్ణి అడగవచ్చు. అందుకు కావలసిన ఛందస్సూ వ్యాకరణమూ అదే పుస్తకంలో వాడు అప్పటికే చదువుకుని ఉంటాడు.