గద్వాలకూ హైదరాబాదుకూ ఒకే కొలతా?

తెలుగునాట కాలేజీ సీట్ల మీద వాదన ఎప్పుడు రేగినా అడిగేవి రెండే: ఏ కులం, ఏ ప్రాంతం. మొదటి ప్రశ్నకు జవాబు అరవై ఏళ్లలో అంతకంతకూ సూక్ష్మమవుతూ వచ్చింది. వెనుకబడిన కులాలన్నీ ఒకే మెట్టు మీద లేవని, దళితుల్లోనూ అంతరాలున్నాయని ప్రభుత్వాలూ కోర్టులూ చివరికి ఒప్పుకున్నాయి. రెండో ప్రశ్న దగ్గర మాత్రం 1974లో గీసిన గీతే ఇవాళ్టికీ గీత. ఆ గీత లోపల గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పిల్లలూ హైదరాబాదు పిల్లలూ సమానంగా ‘స్థానికులు’. ఆ సమానత్వం కాగితం మీదిదేనని ఈ ఊళ్లున్న పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) చరిత్ర చూస్తే తెలుస్తుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దేశభాషలో ఉన్నత విద్య అన్న గొప్ప ప్రయోగమే అది. కానీ తెలుగు తప్ప ఎరుగని పల్లె పిల్లవాడికి దూరం ఒక అడ్డు, భాష ఇంకో అడ్డు. 1919 నాటి నిజాం ముల్కీ ఫర్మానా ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ ఇచ్చింది గానీ, దాని లెక్కలో రాజధానివాడూ కృష్ణ ఒడ్డువాడూ ఒకటే. గద్వాల, వనపర్తి సంస్థానాలు పోయాక ఇక్కడ పై చదువు కోటల్లోకి వచ్చింది: గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ, వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్. దొరల గడప లోపలికి మామూలు జనం పిల్లలు పుస్తకాలు పట్టుకుని వెళ్లడం చిన్న మార్పేమీ కాదు. అయినా పాలమూరుకు సొంత విశ్వవిద్యాలయం రావడానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈలోగా ప్రాంతం మీద పెద్ద పోరే నడిచింది. తెలంగాణ కాలేజీల్లో సీట్లు తెలంగాణ విద్యార్థులకే దక్కాలని 1956 పెద్దమనుషుల ఒప్పందం ఒక హామీ ఇచ్చింది. అది నిలవకపోవడం 1969 ఉద్యమానికి ఒక కారణం. 1973లో ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణ, 1974లో ప్రవేశాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పేరిట రాష్ట్రాన్ని మూడు స్థానిక ప్రాంతాలు చేసి, 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించారు. ఆంధ్ర, తెలంగాణల తగువు తీర్చడానికి పుట్టిన ఉత్తర్వు అది. ఆ పని చాలావరకు చేసింది. తెలంగాణ లోపలి ఎగుడుదిగుళ్లు దాని లెక్కలోనే లేవు.

కులం విషయంలో కథ వేరుగా నడిచింది. వైద్య సీట్ల కోసం తయారుచేసిన బీసీ జాబితా సరైన విచారణ లేకుండా రూపొందిందని 1968లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో అనంతరామన్ కమిషన్ ఏర్పడి, 1970లో బీసీలను ఏ, బీ, సీ, డీ అని నాలుగుగా విడదీసింది; ప్రభుత్వం 25 శాతం వాటా ఇచ్చింది. 1972లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. బలమైన కులం బలహీన కులం వాటా తినెయ్యకుండా వేసిన అడ్డుకట్టలవి. అదే న్యాయం తమకూ కావాలని 1994లో మాదిగ దండోరా మొదలైంది. 2000లో వచ్చిన ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దారి తెరిచాక, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 ఎస్సీ కులాలు మూడు గ్రూపులయ్యాయి: 1, 9, 5 శాతం. ఎస్టీల్లో ఇంకా విభజన లేదు. 2022లో వాటా 6 నుంచి 10 శాతానికి పెరిగినా, అమ్రాబాద్ అడవుల్లోని చెంచు పిల్లలు మిగతా ఎస్టీలందరితో కలిసే పోటీపడాలి. గద్వాల వైపు నడిగడ్డలోని వాల్మీకి బోయల సంగతి మరీ విచిత్రం: సరిహద్దు దాటి రాయచూరు వెళితే ఆ సముదాయం ఎస్టీ, ఇక్కడ బీసీ-ఏ. వాళ్లను ఎస్టీల్లో చేర్చాలని 2023 ఫిబ్రవరిలో శాసనసభ తీర్మానం చేసింది.

ఇక సీట్లు మన ఊరికే వచ్చాయి కదా అనవచ్చు. నిజమే: 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులో 150 సీట్ల చొప్పున, 2024లో గద్వాలలో 50 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. 2014 తర్వాత పెట్టిన వైద్య కళాశాలల్లో కన్వీనర్ కోటా మొత్తం తెలంగాణవారికేనని 2023లో ప్రభుత్వం జీవో తెచ్చింది. కానీ ఆ కోటా నిండేది రాష్ట్రమంతటికీ ఒకే నీట్ ర్యాంకుల వరుసలో. భవనం గద్వాలలో ఉన్నంత మాత్రాన అందులో గద్వాల పిల్లలకు ముందు వరుస లేదు. 2011 జనగణనలో సగం మందికైనా అక్షరాస్యత లేని జిల్లా అది. ఉద్యోగాల దగ్గర ఇదే రాష్ట్రం వేరేలా ఆలోచించింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఏడు జోన్లు చేసి, పాలమూరు జిల్లాలకు జోగులాంబ జోన్ ఇచ్చింది. ఉద్యోగానికి అవసరమైన జోన్, ఆ ఉద్యోగానికి అర్హత తెచ్చే చదువుకు ఎందుకు అక్కర్లేదు?

కాలేజీ సీట్లలోనూ జోన్ వాటా ఉండాలంటే మొదట వచ్చే అభ్యంతరం ప్రతిభ. తెలంగాణలో కవులే లేరన్న మాటకు, ఈ ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి జవాబిచ్చారు. లేనిది కవిత్వం కాదు, అచ్చు. ర్యాంకు కూడా కొంతవరకు అలాంటిదే: అది పిల్లవాడి తెలివితో పాటు కోచింగ్‌నూ కొలుస్తుంది. బాసర ట్రిపుల్ ఐటీ మామూలు ప్రభుత్వ బడి పిల్లలకు పదో తరగతి గ్రేడుకు 0.4 కలుపుతూ వచ్చింది ఈ ఎరుకతోనే. అమెరికాలోని టెక్సాస్ 1997లో ప్రతి హైస్కూల్లో పైన నిలిచిన పది శాతానికి ప్రవేశం ఇచ్చింది. జాతిని చూసే ప్రవేశాలను 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఆపేసినా, ఆ పద్ధతి నిలిచింది.

జిల్లాలవారీ వైద్య సీట్లను సుప్రీంకోర్టు 1968లో మద్రాసు కేసులో కొట్టేసిందన్నది గట్టి అభ్యంతరం. అయితే మద్రాసుకు 371-డి లేదు. రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాలవారికి విద్యలో సమాన అవకాశాలు కల్పించేందుకే పుట్టిన అధికరణ అది. రాజ్యాంగంలోని మిగతా నిబంధనలు ఏమి చెప్పినా తన మాటే చెల్లుతుందని అందులోనే ఉంది. 2014 తర్వాత తెలంగాణకూ అది వర్తిస్తోంది.

మిగిలింది కులం వైపు నుంచి వచ్చే అనుమానం: ప్రాంతం పేరిట వచ్చే సీటును స్థానిక పెద్దకులమే తన్నుకుపోదా? విడిగా కోటా పెడితే తప్పకుండా పోతుంది. కానీ ఆడపిల్లలకిచ్చే మూడో వంతు ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ ప్రతి వర్గం లోపలా సమాంతరంగా లెక్క అవుతూనే ఉంది. జోన్ వాటానూ అలాగే లెక్కగడితే, గద్వాల కాలేజీలోని బీసీ సీటు అయిజ బీసీ పిల్లకో కొల్లాపూర్ బీసీ పిల్లవాడికో వెళ్తుంది తప్ప, నడిగడ్డ భూస్వామి కొడుక్కి వెళ్లదు.