కోనసముద్రపు ఉక్కు

ఉప్పల్, నాచారం అనగానే మనకు స్ఫురించేవి పారిశ్రామిక వాడలు, యంత్రాల చప్పుడు. కాని తెలంగాణలో లోహవిద్య ఈ వాడలతో పుట్టినది కాదు. ఇక్కడికి ఉత్తరంగా, నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో, బొగ్గు, తోలుతిత్తి, మట్టిమూస తప్ప వేరే సాధనం లేని కాలంలోనే కమ్మరులు ఉక్కును కరగించి తీసేవారు. ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అంతదూరం నుండి ఆ పల్లెకు వచ్చేవారు.

మన 'ఉక్కు' శబ్దమే ఐరోపావారి నోట 'ఊట్జ్' అయినదని పండితుల అభిప్రాయం. ఈ దేశపు ఉక్కుముద్దలు 1794లో బొంబాయి నుండి లండను చేరినవి. మరుసటి సంవత్సరమే జార్జి పియర్సన్ వాటిని గురించి రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. 1819లో మైకేల్ ఫారడే అంతటివాడు దీనిని విశ్లేషింప పూనుకున్నాడు. అలల వంటి చారలతో మెరిసే డమాస్కస్ ఖడ్గాలకు ముడిసరుకు ఈ జాతి ఉక్కే.

కోనసముద్రపు పద్ధతిని కన్నులారా చూచి వ్రాసినవాడు హెన్రీ వోయిసీ. ఆయన లాంబ్టన్ నడిపిన మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1824లో ఆయన మరణించగా, ఆ వృత్తాంతం 1832లో అచ్చయినది. వేర్వేరు తావులలో తీసిన రెండు రకాల ఇనుమును కలిపి మూసలో కరగించేవారనీ, వచ్చిన ముద్దకు మట్టి పూసి మరల మరల కాచి మెత్తబరచేవారనీ అందువల్ల తెలుస్తున్నది. సేలం వైపు కమ్మరులైతే ఇనుముతోపాటు ఎండిన తంగేడు పుల్లలు మూసలో వేసి, పైన జిల్లేడు ఆకు కప్పేవారు. కర్బనం ఆ ఆకులలములనుండే లోహంలో చేరేది.

శుద్ధమైన ఇనుము 1,538 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి గాని కరగదు. కర్బనం చేరిన కొలది ఆ వేడిమి తగ్గుతుంది. మూస ఉక్కులో కర్బనం నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు. ద్రవలోహం గడ్డకట్టి మెల్లగా చల్లారేటప్పుడు అంత కర్బనం ఇనుములో ఇమడదు. మిగిలినది ఇనుముతోనే కలిసి సిమెంటైటు అనే మిక్కిలి గట్టి పదార్థమై, సన్నని రేణువులుగా విడివడుతుంది. ఆ రేణువులు బారులు తీరితే చారలు కనబడతాయి. అవి ఎందుకు బారులు తీరుతాయో 1990వ దశకంలో అమెరికాలో జాన్ వెర్హోవెన్ అనే లోహశాస్త్ర ఆచార్యుడు, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి ప్రయోగపూర్వకంగా చూపారు. ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వెనేడియం వంటి మూలకాలే దానికి కారణమన్నారు.

2006లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో పీటర్ పౌఫ్లర్ బృందం 17వ శతాబ్దపు డమాస్కస్ ఖడ్గపు తునకను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో సిమెంటైటు తీగలను, కర్బనపు గొట్టాలను చూచినట్లు ప్రకటించినది. వాటి మందాన్ని నానోమీటర్లలో కొలవాలి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు.

ఇది విని మన పూర్వులకు నానోశాస్త్రం తెలుసునని చెప్పుకోవడం ఉచితం కాదు. ఒక ఖడ్గపు తునకలో కనబడినది ప్రతి ముద్దకూ వర్తిస్తుందని అనలేము. కమ్మరికి తెలిసినది మంట రంగు, మూస బరువు, చల్లార్చే వ్యవధి. ఆ తెలివి తక్కువది కాదు. కాని అందులో కారణజ్ఞానం లేదు. గని మారి, ఖనిజంలో ఆ లేశమాత్రపు మూలకం తగ్గితే, పని అంతా యథావిధిగా చేసినా చారలు రావు. ఎందుకు రాలేదో చెప్పగలవారు ఉండరు. ఆ విద్య అంతరించడానికి ఇది ఒక హేతువై ఉండవచ్చునని వెర్హోవెన్ ఊహ. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చి ఉక్కు చౌక కావడంతో మూసకు పోటీపడే శక్తి పోయినది.

2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరులోని ఒక జాతీయ సంస్థ కలిసి ఉత్తర తెలంగాణలో ఇనుప చిట్టెపు గుట్టలను, మూసల పెంకులను గ్రామగ్రామాన వెదకి నమోదు చేసినవి. రాతిలో లేశమాత్రంగా ఉన్న మూలకాన్ని కూడా కొలిచే విద్య నేడు మనకు దూరాన లేదు. 1961లో ఏర్పడి ఉప్పల్ రోడ్డున ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో అది నిత్యం జరిగే పని. కమ్మరి చేతికి తెలియనిది పరికరం చెప్పగలదు. కాని పరికరం ముందు పెట్టడానికి ఆ చిట్టెం, ఆ పెంకు మిగిలి ఉండాలి. దున్నిన చేలలో, తవ్విన చెరువుగట్లలో అవి చెదరిపోకముందే భద్రపరచడం మన తరం బాధ్యత.