వర్చువల్ సర్వర్ల పర్యవేక్షణ: హెచ్చరిక హద్దుల చరిత్ర

2001లో వీఎంవేర్ సంస్థ ఈఎస్ఎక్స్ సర్వర్‌ను విడుదల చేయడంతో ఒకే సాధారణ యంత్రంపై పలు వర్చువల్ సర్వర్లు నడపడం వ్యాపార సంస్థలకు సాధ్యమైంది. ఆ యంత్రం ఆగితే సేవలన్నీ ఆగుతాయి కనుక పర్యవేక్షణ కీలకమైంది. 2003 నాటి వర్చువల్‌సెంటర్ దానిని ఒకచోటికి చేర్చింది.

అయితే తయారీదారు నిర్ణయించిన హద్దులు అన్నిచోట్లా సరిపోవు. తరువాతి విసెంటర్‌లో డేటాస్టోర్ 85 శాతం నిండితే ఎరుపు హెచ్చరిక వస్తుంది. అప్పటికి 1 టెరాబైట్ నిల్వలో సుమారు 150 గిగాబైట్లే మిగులుతాయి. 20 టెరాబైట్ల నిల్వలో 3 టెరాబైట్లు మిగులుతాయి. అనవసరపు హెచ్చరికలకు అలవాటుపడిన నిర్వాహకుడు అసలు ప్రమాదాన్నీ ఉపేక్షించగలడు.

2006లో పవర్‌షెల్, దాని ఆధారంగా 2008లో వీఐ టూల్‌కిట్ వచ్చాక, ఒక్కొక్క నిల్వకు తగిన హద్దును స్క్రిప్టుగా రాయడం సులభమైంది. ప్రమాదమేదో నిర్ణయించే అధికారం తయారీదారు నుండి, తన యంత్రాలను ఎరిగిన నిర్వాహకునికి సంక్రమించడమే ఈ పరిణామ సారాంశం.