పాతబస్తీ ఇళ్లకు సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీల ఎంపిక

హైదరాబాద్ పాతబస్తీ మూసీ నదికి దక్షిణాన, చార్మినార్ చుట్టూ పెరిగిన చారిత్రక నగర భాగం. షాలిబండ, మొఘల్‌పురా, హుస్సేనీ ఆలం, యాకుత్‌పురా, దబీర్‌పురా, ఫలక్‌నుమా వంటి బస్తీలు దీని కిందికి వస్తాయి. ఇక్కడ మిద్దె మీద సోలార్ పెట్టుకోదలచిన కుటుంబం రెండు వేర్వేరు నిర్ణయాలు తీసుకోవాలి. ప్యానెళ్లు కరెంటు బిల్లు తగ్గించడానికి. బ్యాటరీ కరెంటు పోయినప్పుడు ఇల్లు నడపడానికి. ఈ రెండు అవసరాలనూ విడివిడిగా లెక్క కట్టుకున్న ఇంటికి ఖర్చు తగ్గుతుంది, ఫలితం నిలుస్తుంది.

నేపథ్యం

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన ఈ నగరానికి 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున మొదలైన థర్మల్ కేంద్రం నుంచి కరెంటు అందింది. ఇప్పుడు సరఫరా బాధ్యత తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థది (టీజీఎస్పీడీసీఎల్). మిద్దె మీద సోలార్ దరఖాస్తులను పరిశీలించేదీ, నెట్ మీటరు బిగించేదీ ఈ సంస్థే.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కోటి ఇళ్లు లక్ష్యంగా, రూ.75,021 కోట్ల వ్యయ అంచనాతో ‘పీఎం సూర్యఘర్’ పథకాన్ని ప్రారంభించింది. అదే ఏడాది తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హ కుటుంబాలకు సున్నా బిల్లులు మొదలయ్యాయి. ఈ రెండో పథకం పాతబస్తీలో సోలార్ లెక్కను నేరుగా మారుస్తుంది. సున్నా బిల్లు వచ్చే ఇంటికి ప్యానెళ్ల వల్ల ఆదా అయ్యేది దాదాపు ఏమీ ఉండదు. ఆ ఇంటికి కోతలే సమస్య అయితే మంచి ఇన్వర్టరు, ఒక బ్యాటరీ చాలు.

మిద్దె, నీడ, హక్కు

పాతబస్తీలో పాత దేవిడీలు, నడుమ ముంగిలి ఉన్న ఇళ్లు వాటాలు పడి, చిన్న స్థలాల్లో రెండు మూడు అంతస్తులుగా లేచాయి. 100 గజాల స్థలమంటే 900 చదరపు అడుగులు. మెట్ల గది, నీళ్ల ట్యాంకులు, పిట్టగోడ నీడ, బట్టలు ఆరేసే చోటు తీసేస్తే చాలా ఇళ్లలో 300 నుంచి 400 చదరపు అడుగులు మిగులుతుంది. నీడ పడని చోటు కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగులు కావాలి కాబట్టి, అలాంటి మిద్దె మీద 3 కిలోవాట్ల వరకు పట్టే వీలుంది.

నీడను డిసెంబరులో చూడాలి. చార్మినార్ ఉన్నది దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణాన పక్కింటి గోడ మన మిద్దె కంటే 10 అడుగులు ఎత్తుంటే, ఆ మధ్యాహ్నం నీడ ఎనిమిదిన్నర అడుగుల దాకా లోపలికి వస్తుంది. ఉదయం, సాయంత్రం ఇంకా పొడుగ్గా పడుతుంది. మే నెలలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు కాబట్టి, వేసవిలో కొలతలు తీసుకుని బిగించిన వరుస చలికాలంలో నీడలో చిక్కుకోవచ్చు. దక్షిణాన పక్కవాళ్లు ఇంకో అంతస్తు లేపే అవకాశాన్నీ ముందే లెక్కలోకి తీసుకోవాలి.

మిద్దె బలం మరో సంగతి. కాంక్రీటు స్లాబు ప్యానెళ్ల బరువును సాధారణంగా మోయగలదు. చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పాత మిద్దెల మీద, రేకుల కప్పుల మీద మాత్రం ఇంజినీరు చూడకుండా పని మొదలుపెట్టకూడదు. ప్యానెళ్ల బరువు కంటే గాలి పైకి లేపే బలమే ఎక్కువ ప్రమాదం. వేసవి చివర ఈదురుగాలులకు వదులుగా ఉన్న ఫ్రేము ఊడి ఇరుకు గల్లీలో పడితే ప్రాణాలకే ముప్పు.

చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. చట్టం ప్రకారం దాని సరిహద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆపై 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం. ఆ పరిధిలో ఎత్తయిన ఇనుప ఫ్రేము వేయాలనుకునేవారు ముందే అనుమతి సంగతి కనుక్కోవాలి.

హక్కు విషయంలో చాలా కుటుంబాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. కరెంటు సర్వీసు ఇంకా తాత పేరు మీదే ఉంటుంది, మిద్దె నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తిగా ఉంటుంది. దరఖాస్తుదారు పేరూ, సర్వీసు మీద పేరూ కలవాలి. ముందు పేరు మార్పించుకుని, మిగతా వాటాదారుల అంగీకారాన్ని కాగితం మీద తీసుకోవడం మేలు.

సామర్థ్యం లెక్క

హైదరాబాద్‌లో 1 కిలోవాటు ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. అంటే నెలకు 120 యూనిట్ల దాకా. వానాకాలపు మబ్బు రోజుల్లో బాగా పడిపోయి, ఫిబ్రవరి నుంచి మే వరకు పెరుగుతుంది.

ఎంత సామర్థ్యం కావాలో పన్నెండు నెలల బిల్లులు చెబుతాయి. 2022–23లో నిర్ణయించిన గృహ ధరల ప్రకారం నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్ రూ.5.10, తరువాతి 100కు రూ.7.70, ఆపై 100కు రూ.9 పడుతుంది. 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ.1.95, తరువాతివి రూ.3.10.

నెలకు 300 యూనిట్లు వాడే ఇంటిని చూద్దాం. స్థిర చార్జీలు కాక యూనిట్ల ధరే రూ.1,790 అవుతుంది. 2 కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు 240 యూనిట్లు ఇస్తే, మీటరులో మిగిలేది 60 యూనిట్లు. వాటి ధర సుమారు రూ.130. ఆ ఇంటికి మూడో కిలోవాటు వేయడం వల్ల అదనంగా తగ్గేది చాలా స్వల్పం. ఖరీదైన శ్లాబుల నుంచి బయటపడేంత సామర్థ్యం పెట్టుకోవడమే తెలివైన పద్ధతి. ఏసీ కొనబోతున్నవారు, ఎలక్ట్రిక్ స్కూటరు ఇంట్లో చార్జింగ్ చేసుకునేవారు మాత్రం ఆ పెరుగుదలను కలుపుకోవాలి.

ప్యానెళ్ల రకాలు

మార్కెట్లో ఇప్పుడు ప్రధానంగా దొరికేవి మోనో పెర్క్, టాప్‌కాన్ రకాలు. పాత పాలీ రకం తక్కువ స్థలంలో తక్కువ కరెంటు ఇస్తుంది కాబట్టి ఇరుకు మిద్దెలకు తగదు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. మే నెల ఎండలో ప్యానెల్ లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ పాలీ దాదాపు 0.4 శాతం, మోనో పెర్క్ 0.35 శాతం, టాప్‌కాన్ 0.3 శాతం చొప్పున ఉత్పత్తి కోల్పోతాయి. హైదరాబాద్ ఎండలకు టాప్‌కాన్ కొంత మెరుగు.

కొలతలు కూడా ముఖ్యమే. 540 వాట్ల ప్యానెల్ పొడవు ఏడున్నర అడుగులు, బరువు సుమారు 28 కిలోలు. మలుపులున్న ఇరుకు మెట్ల మీదుగా దాన్ని పైకి చేర్చడం కష్టం. 400 వాట్ల ప్రాంతంలో ఉండే చిన్న ప్యానెళ్లు మెట్లకూ, ముక్కలు ముక్కలుగా మిగిలిన మిద్దెకూ సర్దుకుంటాయి. ట్యాంకు నీడ తప్పని చోట సగానికి కోసిన సెల్స్ ఉన్న ప్యానెళ్లు, ప్యానెల్‌కొకటి బిగించే మైక్రో ఇన్వర్టర్లు నష్టాన్ని ఆ ఒక్క ప్యానెల్‌కే పరిమితం చేస్తాయి.

దక్షిణ దిశగా 15 డిగ్రీల వంపు ఇక్కడ సరిపోతుంది. తూర్పు, పడమర దిశల్లో తక్కువ వంపుతో పెట్టినా ఏడాది ఉత్పత్తిలో నష్టం పది శాతం లోపే. 10 డిగ్రీల కంటే తక్కువ వంపు పెడితే వాననీళ్లు జారక దుమ్ము అంచుల్లో పేరుకుంటుంది.

ఇన్వర్టర్లు

సబ్సిడీ కింద ఎక్కువగా పెట్టే గ్రిడ్ ఇన్వర్టరు కరెంటు పోగానే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. స్తంభం మీద మరమ్మతు చేసే లైన్‌మన్‌కు మన మిద్దె కరెంటు తగలకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఈ సంగతి కొనేముందు ప్రతి కుటుంబానికీ తెలియాలి.

కోతల్లోనూ కరెంటు కావాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు తీసుకోవాలి. ఇప్పటికే ఇంట్లో మామూలు ఇన్వర్టరు, బ్యాటరీ ఉంటే వాటిని అలాగే ఉంచి, గ్రిడ్ ఇన్వర్టరును విడిగా పెట్టుకోవచ్చు. చాలా ఇళ్లకు ఈ రెండో దారే చవక.

రాత్రి వాడకానికి బ్యాటరీ అక్కర్లేదు. నెట్ మీటరు పగలు గ్రిడ్‌కు పంపిన యూనిట్లను రాత్రి వాడిన యూనిట్లలోంచి తీసేస్తుంది. రంజాన్ నెలలో సహరీ వేళ వెలిగే దీపాలు, తిరిగే ఫ్యాన్ల లెక్క కూడా పగటి ఎండలోనే తీరిపోతుంది.

బ్యాటరీలు

బ్యాటరీ పరిమాణం కోతల సమయంలో నడవాల్సిన వస్తువులను బట్టి ఉండాలి. మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఐదు ఎల్‌ఈడీ బల్బులు, వైఫై కలిపి సుమారు 150 వాట్లు. నాలుగు గంటలకు 0.6 యూనిట్లు. దీనికి 12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి సరిపోతుంది. ఫ్రిజ్ కూడా నడవాలంటే దాదాపు 2 యూనిట్లు చేతికిచ్చే 24 వోల్టుల, 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ కావాలి. ఒకటిన్నర టన్ను ఏసీ నాలుగు గంటల్లో 5 నుంచి 6 యూనిట్లు తాగుతుంది. ఏసీ కోసం బ్యాటరీ కొనడం చాలా ఇళ్లకు గిట్టుబాటు కాదు. నీళ్ల మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి దాన్ని ఇన్వర్టరు లైనులో కలపకూడదు.

ట్యూబులర్ లెడ్ బ్యాటరీ మొదటి ధర తక్కువ, ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్లు. సగం మించి ఖాళీ చేస్తే త్వరగా చెడిపోతుంది, డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి ధర ఎక్కువ. కానీ 80 నుంచి 90 శాతం దాకా వాడుకోవచ్చు, వేలసార్లు చార్జింగ్‌కు నిలుస్తుంది, నీళ్ల పని ఉండదు. లిథియంలోనే ఇతర రకాలకు మంటలంటుకునే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఇంటికి ఐరన్ ఫాస్ఫేట్ రకాన్నే అడిగి తీసుకోవాలి. అరుదుగా గంటసేపు కరెంటు పోయే బస్తీకి ట్యూబులర్ చాలు. రోజూ వాడాల్సి వస్తే లిథియమే చివరికి చవక.

వేడి రెండింటికీ శత్రువే. లెడ్ బ్యాటరీ ఉన్నచోట వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినకొద్దీ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. రేకుల కింద, మెట్ల గది పైకప్పు దగ్గర బ్యాటరీ పెట్టకూడదు.

భద్రత

2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో పిల్లలతో సహా 17 మంది ప్రాణాలు కోల్పోయారు. షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా భావించారు. పై అంతస్తులకు ఇరుకైన ఒకే మెట్ల దారి ఉండటం ప్రాణనష్టాన్ని పెంచింది. సోలార్‌కూ ఆ ప్రమాదానికీ సంబంధం లేకపోయినా, ఇలాంటి ఇళ్లలో బ్యాటరీ ఎక్కడ పెట్టాలో అది కచ్చితంగా చెబుతుంది. మెట్ల కింద, ఇంట్లోంచి బయటికి పోయే దారిలో, పడకగదిలో బ్యాటరీ గాని ఇన్వర్టరు గాని ఉండకూడదు.

లెడ్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. లాడ్ బజార్ చుట్టుపక్కల ఇంట్లోనే కుంపటి మీద లక్క కరిగించి గాజులు చేసే కుటుంబాలు, వంటింటి పక్కనే బ్యాటరీ పెట్టుకున్నవారు దాన్ని గాలి ఆడే వేరే చోటికి మార్చుకోవాలి.

ప్యానెళ్ల వైపు, ఇంటి సరఫరా వైపు, పిడుగు నిరోధకానికి విడివిడిగా మూడు ఎర్తింగులు వేయించాలి. పైనుంచి వచ్చే డీసీ తీగలను ఒక్క మీటతో వేరు చేసే ఐసొలేటరు అందరికీ కనిపించే చోట ఉండాలి. దశాబ్దాల నాటి అల్యూమినియం వైరింగ్ ఉన్న ఇంటికి సోలార్ కంటే ముందు కొత్త వైరింగ్ అవసరం.

సబ్సిడీ, దరఖాస్తు

పీఎం సూర్యఘర్ కింద 1 కిలోవాటుకు రూ.30,000, 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా రూ.78,000 వస్తుంది. అపార్టుమెంట్ల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు రూ.18,000 ఇస్తారు. ఈ సొమ్ము వినియోగదారు బ్యాంకు ఖాతాలోకే జమవుతుంది. బ్యాటరీకి విడిగా సబ్సిడీ లేదు. సెల్స్, ప్యానెళ్లు రెండూ దేశంలో తయారైనవే కావాలి. దిగుమతి సెల్స్‌తో చేసిన చవక ప్యానెళ్లు పెడితే సబ్సిడీ రాదు.

జాతీయ పోర్టల్‌లో సర్వీసు నంబరుతో నమోదు చేసుకుని, అక్కడ నమోదైన విక్రేతల్లోంచే ఒకరిని ఎంచుకోవాలి. 2024లో సవరించిన నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కర్లేదు. పని పూర్తయ్యాక పంపిణీ సంస్థ తనిఖీ చేసి నెట్ మీటరు బిగిస్తుంది. ఐదేళ్ల నిర్వహణ బాధ్యత విక్రేతదే. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి కొటేషన్‌లో ఆ రేటు చూసుకోవాలి.

నిర్వహణ

పాతబస్తీ మిద్దెల మీద దుమ్ము కంటే పావురాలు ఎక్కువ నష్టం చేస్తాయి. రెట్ట పడ్డ సెల్ కరెంటు ఇవ్వకపోగా వేడెక్కి మచ్చపడుతుంది. రెండు వారాలకోసారి తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడవాలి. బోరు నీళ్లు తెల్లటి పొర మిగులుస్తాయి. కాగుతున్న అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు. ప్యానెళ్ల అడుగున పావురాలు గూడు కట్టకుండా చుట్టూ జాలీ వేయించాలి. సంక్రాంతి పతంగుల తరువాత మాంజా చిక్కుకుందేమో చూసుకోవాలి.

పాత బ్యాటరీని తుక్కువాడికి అమ్మకూడదు. అందులోని సీసం, ఆమ్లం పిల్లల ఒంట్లోకి, నేలలోకి చేరతాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాటిని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారులపై పెట్టాయి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడే పాతది అప్పగించి రసీదు తీసుకోవాలి.

పాతబస్తీ కుటుంబం ఖర్చు పెట్టాల్సిన వరుస ఇది: ముందు సర్వీసు పేరు, వైరింగ్, ఎర్తింగ్. తరువాత బిల్లుకు సరిపడా ప్యానెళ్లు. కోతలు నిజంగా బాధిస్తేనే, ఫ్యాన్లకూ దీపాలకూ సరిపడా బ్యాటరీ. విక్రేత ఎంత తొందరపెట్టినా ఈ వరుసను తప్పించవద్దు.