పైన వెచ్చన.. కింద వణుకు: ఒకే ఇంట్లో ఇంత తేడా ఎందుకు?

శృంగవరపుకోట దాటితే అరకు ఘాట్ రోడ్డే. డిసెంబరు, జనవరి నెలల్లో కొండల చలి పట్టణాన్నీ తాకుతుంది. మీది మేడ ఇల్లయితే ఒకటి గమనించే ఉంటారు. సాయంత్రం పైగది వెచ్చగా, కిందిగది చల్లగా ఉంటుంది. తెల్లవారుజాముకు పైన కూడా వణుకే. హీటర్ కొనే ముందు కారణం తెలుసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

ఎందుకిలా?

వేడి గాలి తేలిక కాబట్టి మెట్ల మీదుగా పైకి చేరుతుంది. కింది గదులకు పక్కిళ్లు అడ్డొచ్చి ఎండ సరిగా పడదు. పై శ్లాబు పగలంతా ఎండకు కాగి, సాయంత్రం ఆ వేడిని గదిలోకి వదులుతుంది. మబ్బులేని రాత్రి మిగిలిన వేడి ఆకాశంలోకి పోయి తెల్లారేసరికి శ్లాబు చల్లబడుతుంది.

ముందు ఇవి చేయండి

* మెట్ల దగ్గర తలుపు ఉంటే మూసి ఉంచండి. లేకుంటే మందపాటి కర్టెన్ వేలాడదీయండి.
* చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. పగలు తూర్పు, దక్షిణ కిటికీల కర్టెన్లు తీసి ఎండ లోపలికి రానివ్వండి. ఎండ పోగానే కిటికీలు మూయండి.
* తలుపు కింద సందుకు పాత దుప్పటి చుట్టి అడ్డం పెట్టండి. టైల్స్ మీద చాప లేదా తివాచీ పరవండి.
* పసిపిల్లలు, వృద్ధుల మంచాలను బయటి గోడకు దూరంగా జరపండి.

హీటర్ తప్పదంటే

2,000 వాట్ల హీటర్ గంటకు 2 యూనిట్లు కాలుస్తుంది. రోజూ 4 గంటలు వాడితే నెలకు 240 యూనిట్లు. శ్లాబు మారితే యూనిట్ ధర కూడా పెరుగుతుంది. అది దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అందుకే 6 ఆంపియర్ల ప్లగ్గులో, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టొద్దు. 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. గీజర్, హీటర్ ఒకేసారి వేయకండి. మీ కనెక్షన్‌కు మంజూరైన లోడ్ చాలకపోతే ఈపీడీసీఎల్‌కు అదనపు లోడ్ కోసం దరఖాస్తు చేయండి. విద్యుత్ సమస్యలకు 1912కు ఫోన్ చేయవచ్చు.

కుంపటి గదిలోకి వద్దు

తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ఊపిరి తీస్తుంది. మంట ఆరి నిప్పులు మాత్రమే మిగిలినా ఆ వాయువు వస్తూనే ఉంటుంది. గదిలో ఉన్నవారికి తలనొప్పి, వికారం, మగత కనిపిస్తే వెంటనే ఆరుబయటికి తీసుకెళ్లి 108కు ఫోన్ చేయండి. చలి కాచుకోవాలంటే కుంపటిని వాకిట్లోనే పెట్టుకోండి.