సైకిల్ టైరులో సరైన గాలి: సైబరాబాద్ నేపథ్యంలో

తొక్కేవారి బరువుకు, టైరు వెడల్పుకు, దారి తీరుకు తగినంత గాలి ఉంటేనే సైకిల్ టైరులో గాలి సరిగ్గా ఉన్నట్టు. దాన్ని చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని, అంటే పీఎస్ఐలలో కొలుస్తారు. 14.5 పీఎస్ఐలు సుమారు ఒక బార్. టైరు పక్కన అచ్చువేసే అంకె ఇంత దాటవద్దని చెప్పే హద్దు మాత్రమే. ఆ హద్దునే సరైన గాలి అనుకొని పంపు కొట్టడం ఇప్పటికీ మానని పొరపాటు.

గాలి టైరుకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందాడు కానీ అది వాడుకలోకి రాలేదు. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ 1887లో తన కొడుకు మూడుచక్రాల బండి కోసం మళ్ళీ తయారుచేశాడు. మరుసటి ఏడాది పేటెంటు వచ్చినా, థామ్సన్ పని బయటపడ్డాక అది నిలవలేదు. 1891లో మిషెలిన్ సోదరులు రిమ్ము నుంచి ఊడదీయగల టైరు తెచ్చారు. అదే ఏడాది తొలి పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో షార్ల్ టెరాన్ ఆ టైర్లతోనే గెలిచాడు. పంక్చర్ వేయడం తేలికైంది, గాలి టైరు నిలదొక్కుకుంది.

మన దేశంలో డన్‌లప్ కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. మన ఊళ్ళలో తిరిగిన 28 అంగుళాల సైకిల్‌కు ఉండేది వుడ్స్ వాల్వు. సన్నటి రబ్బరు గొట్టం, షాపువాళ్ళ మాటలో వాల్ ట్యూబు, లోపలి బెజ్జాన్ని కప్పి ఉంటుంది. పంపు గాలి దాన్ని పైకెత్తి లోపలికి పోతుంది, వెనక్కి రాదు. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. పంపు గేజి చూపించే అంకెలో రబ్బరు బిగింపును నెట్టడానికి పట్టిన బలం కూడా కలిసి ఉంటుంది కాబట్టి, టైరు లోపలి పీడనం అందులో తేలదు. అందుకే బొటనవేలే కొలబద్ద అయింది. టైరును నొక్కి చూడటం, వాల్వు మీద ఉమ్మి తడి పెట్టి బుడగ లేస్తుందేమో గమనించడం, వెనక క్యారియర్ మీద బస్తా ఎక్కితే రెండు పంపులు ఎక్కువ కొట్టడం తరాల తరబడి సాగాయి. దీన్ని అజ్ఞానం అనలేం. బరువు పెరిగితే గాలి పెంచాలన్న అసలు సూత్రం అందులోనే ఉంది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించిన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ రూపురేఖలు మారాయి. వ్యాయామం కోసం తొక్కేవారితో పాటు హైబ్రిడ్, రోడ్ సైకిళ్ళు వచ్చాయి. వాటితో ష్రేడర్, ప్రెస్టా వాల్వులూ, గేజి ఉన్న పంపులూ వచ్చాయి. గాలి మొదటిసారి ఒక అంకెగా కనిపించింది. ష్రేడర్ వాల్వు మోటారుసైకిల్‌కు ఉండేదే కాబట్టి పెట్రోలు బంకులోనూ గాలి పట్టించుకోవచ్చు. అయితే సైకిల్ ట్యూబులో పట్టే గాలి చాలా తక్కువ. కంప్రెసర్ క్షణాల్లో హద్దు దాటించి ట్యూబు పేల్చగలదు.

అంకె చేతికొచ్చాక, ఎంత గట్టిగా ఉంటే అంత వేగమన్న నమ్మకం బలపడింది. అమెరికాలో సైకిల్ సాంకేతిక రచయిత ఫ్రాంక్ బెర్టో దీన్ని కొలతతో సరిదిద్దాడు. బరువు పడినప్పుడు టైరు తన ఎత్తులో 15 శాతం మేర కుంగాలన్నది ఆయన పట్టిక సారాంశం. దాని ప్రకారం వెనక చక్రం మీద 50 కిలోలు పడితే 28 మిల్లీమీటర్ల టైరుకు సుమారు 80 పీఎస్ఐలు కావాలి, 37 మిల్లీమీటర్ల టైరుకు 50 కూడా అక్కర్లేదు. ముందు చక్రం మీద బరువు తక్కువ కనుక గాలీ తక్కువే. గరుకు దారిలో గట్టి టైరు ప్రతి గతుకుకూ ఎగిరి, తొక్కేవాడి ఒంటిని కుదిపి, శక్తిని వృథా చేస్తుందని సైకిల్ పత్రిక సంపాదకుడు యాన్ హైనె 2000ల నుంచి చేసిన పరీక్షలు చూపాయి. పందేల్లోనూ 23 మిల్లీమీటర్ల టైర్ల స్థానంలో 28, ఆపైవి వచ్చాయి. అలాగని మరీ తగ్గిస్తే స్పీడ్ బ్రేకర్ అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ఐటీ కారిడార్‌లో నునుపు దారులూ గరుకు దారులూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. నునుపైన అలాంటి బాటలో కొంచెం గట్టి టైరు బాగా నడుస్తుంది. అక్కడికి చేరడానికి దాటే కొండాపూర్, రాయదుర్గం వీధుల్లో, వానలకు లేచిపోయిన కంకర మీద, నాలుగైదు పీఎస్ఐలు తగ్గిస్తేనే సుఖం. రెండింటి మీదా తిరిగేవారు గతుకుల దారికే కొలత పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. నునుపు దారిలో ఆ మెత్తదనంతో పోయేది చాలా స్వల్పం.

ఎండ ప్రభావాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. చల్లటి ఉదయం 20 డిగ్రీల వద్ద 60 పీఎస్ఐలు నింపిన టైరు, మధ్యాహ్నం ఎండలో 50 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 68 చూపుతుంది. మే నెలలో ఆఫీసు పార్కింగులో ఎండకు నిలిపే సైకిల్‌కు హద్దు దాకా గాలి కొట్టకూడదు. కొలిచేది ఉదయం చల్లపూటే కొలవాలి.

గేటు దగ్గర కాపలా కాసేవారు, తోటమాలులు తెచ్చుకునే పాత సైకిళ్ళకు చాలావరకు వుడ్స్ వాల్వే ఉంటుంది. రిమ్ము బెజ్జం దాదాపు అదే కొలత కాబట్టి, ఈసారి ట్యూబు మార్చేటప్పుడు ష్రేడర్ వాల్వుదే వేయించుకుంటే వాటి గాలినీ గేజితో చూసుకోవచ్చు.