సర్వర్స్ వ్యూ (ఎక్లిప్స్)

జావా ప్రోగ్రామర్లు వాడే ఎక్లిప్స్‌లో సర్వర్లనూ, వాటిలో పెట్టిన అప్లికేషన్లనూ ఒకేచోట చూపే భాగం సర్వర్స్ వ్యూ. ఐబీఎం 2001లో ఓపెన్ సోర్స్ చేసిన ఎక్లిప్స్‌కు ఇది వెబ్ టూల్స్ ప్లాట్‌ఫామ్ (డబ్ల్యూటీపీ) ద్వారా వచ్చి చేరింది.

సర్వర్ పేరు పక్కనే దాని స్థితి కనిపిస్తుంది. ‘స్టార్టెడ్, సింక్రనైజ్డ్’ అని ఉంటే సర్వర్ నడుస్తోంది, తాజా కోడ్ దానికి అందింది. ‘రీపబ్లిష్’ అని ఉంటే కోడ్ మారినా ఆ మార్పు ఇంకా చేరలేదు. పక్కనున్న బాణం నొక్కితే అందులోని అప్లికేషన్లు వరుసగా తెరుచుకుంటాయి.

అయితే ఫైళ్లు నిజంగా ఎక్కడికి వెళ్లాయో ఈ జాబితా చెప్పదు. అదే దీని పెద్ద లోటు. టామ్‌క్యాట్ సర్వర్ నేర్చుకునేవాళ్లు ముందుగా వెతికేది దాని ‘వెబ్‌యాప్స్’ ఫోల్డర్‌నే. ఎక్లిప్స్ నుంచి నడిపిన ప్రాజెక్టు అక్కడ కనపడదు, బ్రౌజర్లో మాత్రం పేజీ చక్కగా వస్తుంది! మామూలు అమరికలో ఎక్లిప్స్ టామ్‌క్యాట్‌ను ముట్టుకోదు. వర్క్‌స్పేస్‌లోని ‘మెటాడేటా’ ఫోల్డర్ లోపల, ‘డబ్ల్యూటీపీ వెబ్‌యాప్స్’ అనే చోట నకలు పెడుతుంది. సర్వర్‌పై డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీలో ఈ చోటు తెలుస్తుంది. దాన్ని మార్చాలంటే మాత్రం ముందు అప్లికేషన్లన్నీ తీసేసి, ‘క్లీన్’ చేయాలి. లేకపోతే ఆ పేజీలో చోటును ఎంచుకునే గడులు మసకబారి ఉంటాయి.